గ్రాఫ్ అడ్డంగా సాగితే చర్య ఆగిపోయినట్టేనా?

ప్రశ్న (ఇంటర్ కెమిస్ట్రీ లెక్చరర్):
నమస్కారం. ఆర్డుయినో ఊనో (సెన్సర్ రీడింగులు తీసే చిన్న సర్క్యూట్ బోర్డు), ఎల్‌డీఆర్ (పడే కాంతిని బట్టి నిరోధం మారే సెన్సర్), ఎర్ర ఎల్‌ఈడీతో మా ల్యాబ్‌లో చిన్న సెటప్ పెట్టాం. హైపో (సోడియం థయోసల్ఫేట్) ద్రావణంలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తే గంధకం కమ్ముకుని కాంతి తగ్గడం గ్రాఫ్‌లో చక్కగా వస్తోంది. కానీ పక్కన ఎవరు నడిచినా రీడింగ్ ఎగిరిపడుతోంది. ఇక ఫెర్రిక్ నైట్రేట్, పొటాషియం థయోసయనేట్ కలిపినప్పుడు కంటికి రంగు తెలుస్తున్నా గ్రాఫ్ కదలదు. పైగా గీత అడ్డంగా సాగగానే "చర్య అయిపోయింది మేడమ్" అంటున్నారు పిల్లలు.

జవాబు 1:
ముందు ఎల్‌ఈడీ మార్చండి మేడమ్. ఎర్రటి ద్రావణం ఎర్ర కాంతిని పెద్దగా అడ్డుకోదు. అది ఎక్కువగా పీల్చుకునేది 450 నానోమీటర్ల దగ్గరి నీలి కాంతిని. అందుకే నీలం ఎల్‌ఈడీ కావాలి. రెండు ద్రావణాలూ 0.002 మోలార్ దగ్గర మొదలుపెట్టి, రీడింగ్ ఆర్డుయినో చూపే 0–1023 స్కేలు మధ్యలో ఉండేలా పలచన చేసుకోండి. మరీ ముదురుగా ఉంటే ఆ తర్వాతి మార్పేదీ కనిపించదు.

జవాబు 2:
రీడింగ్ ఎగిరిపడేది గది వెలుతురు వల్లే. పరీక్షనాళిక, ఎల్‌ఈడీ, ఎల్‌డీఆర్ మూడింటినీ నల్ల చార్టు గొట్టంలో బిగించండి. ఎల్‌డీఆర్ రీడింగ్‌ని మాత్రం నేరుగా గాఢతగా తీసుకోవద్దు, రెండింటి సంబంధం సరళరేఖ కాదు. హైపో ప్రయోగంలో మొత్తం ఘనపరిమాణం, ఆమ్లం మారకుండా ఉంచి, రీడింగ్ ఒకే హద్దుకు పడిపోవడానికి పట్టిన కాలం (టి) కొలిచి, 1/టి ని హైపో గాఢతకు ఎదురుగా గీయించండి. సల్ఫర్ డయాక్సైడ్ వస్తుంది కాబట్టి కిటికీలు తెరిచి, తక్కువ పరిమాణంలోనే చేయండి. ఉబ్బసం ఉన్న పిల్లల్ని దూరంగా కూర్చోబెట్టండి.

ప్రశ్న అడిగినవారు:
నీలం ఎల్‌ఈడీతో గ్రాఫ్ కదిలింది, థాంక్యూ సార్! మరి పిల్లల సందేహం?

జవాబు 1:
ఈ పాఠానికి ప్రాణం అదే మేడమ్, దానికి ఒక పీరియడ్ మొత్తం ఇచ్చినా తప్పులేదు. గీత అడ్డంగా ఉండగానే ద్రావణాన్ని రెండు నాళికల్లోకి పంచండి. ఒకదానిలో కాస్త గాఢమైన ఫెర్రిక్ నైట్రేట్ ఒక్క చుక్క, రెండోదానిలో థయోసయనేట్ ఒక్క చుక్క వేయండి. రెండింటిలోనూ రంగు ముదిరి, గీత కిందికి దిగి కొత్త మట్టంలో నిలుస్తుంది. అంటే రెండు క్రియాజనకాలూ (చర్యలో పాల్గొనే పదార్థాలు) ఇంకా మిగిలే ఉన్నాయి! ఒకటి పూర్తిగా అయిపోయి ఉంటే రెండోది ఎంత కలిపినా రంగు పెరగకూడదు కదా. ఈ మాట మీరు చెప్పకండి, వాళ్ల నోటి నుంచే రానివ్వండి.

తర్వాత ఇంకో నాళికను వేడినీళ్లలో ముంచి రీడింగ్ తీయండి. ఇది ఉష్ణమోచక (వేడిని వదిలే) చర్య కాబట్టి రంగు పలచబడి గీత పైకి లేస్తుంది. చల్లారితే మళ్లీ కిందికి దిగుతుంది. హైపో గ్రాఫ్‌ని పక్కనే పెట్టి, "దీన్ని ఇలా వెనక్కి తేగలరా?" అని అడగండి. వేడి నాళిక మీద ఆవిరి పట్టి ఉంటే కాంతి తప్పుగా పడుతుంది. గొట్టంలో పెట్టేముందు ప్రతిసారీ గుడ్డతో తుడవండి.