ఇంటి నుంచి వచ్చిన పార్టీ అభిమానం మన సొంత అభిప్రాయమేనా?

ప్రశ్న (డిగ్రీ చివరి సంవత్సరం విద్యార్థిని)

పెద్దలందరికీ నమస్కారం. మా ఇంట్లో మూడు తరాలుగా ఒకే పార్టీకి ఓటు వేస్తున్నారు. తాతగారు ఏ జెండా కట్టారో నాన్నగారూ అదే కట్టారు, వీధిలో ఉన్న మా బంధువర్గమంతా అటే. కళాశాలలో ఒక స్నేహితురాలితో పింఛన్ల పథకం గురించి గట్టిగా వాదన జరిగినప్పుడు, ఆమె తన ఇంట్లో విన్న మాటలు, నేను మా ఇంట్లో విన్న మాటలు ఒకరికొకరం అప్పజెప్పుకుంటున్నామని అనిపించింది. ఆ రోజు నుంచి ఈ విషయం మనసులో మెదులుతూనే ఉంది.

ఈ మధ్యనే ఓటర్ల జాబితాలో పేరు చేర్చమని దరఖాస్తు పెట్టాను. అందువల్ల రెండు సంగతులు అడుగుతున్నాను. మనిషికి రాజకీయ విశ్వాసాలు అసలు ఎక్కడి నుంచి వస్తాయి, ఇల్లూ కులమూ ఊరూ ఇచ్చినవి జీవితాంతం అలాగే ఉండిపోతాయా? ఏ పార్టీలోనూ చేరకుండా, ఐదేళ్లకొకసారి ఓటు వేయడం కాక, మామూలు మనుషులు చేయగలిగినది ఏమైనా ఉందా? ఏ పార్టీ మంచిదనే చర్చ ఇక్కడ పెట్టవద్దని మనవి.

జవాబు (విశ్రాంత రాజనీతిశాస్త్ర అధ్యాపకుడు)

అమ్మా, ఇల్లు, కులం, ఊరు అని మూడింటిని విడివిడిగా రాశారు గానీ పల్లెటూళ్లో ఈ మూడూ కలిసే పనిచేస్తాయి. పొలానికి నీళ్లు కావలసి వచ్చినప్పుడు, ఆడపిల్ల పెళ్లికి అప్పు పుట్టవలసి వచ్చినప్పుడు, పోలీసు స్టేషను మెట్లు ఎక్కవలసి వచ్చినప్పుడు ఏ పెద్దమనిషి వెంట నిలబడతాడో, ఆయన పార్టీయే ఆ కుటుంబం పార్టీ అవుతుంది. కాబట్టి మీ తాతగారిది గుడ్డి అభిమానమని అనుకోవద్దు. ఆయన కాలంలో ఆయనకు అక్కరకు వచ్చిన సంబంధం ఏదో దాని వెనుక ఉండే ఉంటుంది. చిక్కేమిటంటే, ఆ సంబంధం తెగిపోయిన తరువాత కూడా అభిమానం నిలిచి ఉంటుంది, మనవల దాకా వచ్చేసరికి కారణం ఎవరికీ గుర్తుండదు.

అయితే అది ఎప్పటికీ మారదంటే మన చరిత్ర ఒప్పుకోదు. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన నాటి నుంచి కాంగ్రెస్ ప్రభుత్వాలను మాత్రమే చూసిన రాష్ట్రంలో, 1982 మార్చి 29న పుట్టిన తెలుగుదేశం 1983 జనవరిలో అధికారంలోకి వచ్చింది. తరతరాలుగా కాంగ్రెస్ ఇళ్లుగా పేరుపడ్డవి ఎన్నో ఆ తొమ్మిది నెలల్లో అటు మళ్లాయి. రామారావు గారి సినిమా ఆకర్షణతోనే ఇదంతా జరిగిందని చాలామంది తేల్చేస్తారు, ఆ వివరణ నాకు చాలదు. 1978 నుంచి ఐదేళ్లు తిరగకుండానే నలుగురు ముఖ్యమంత్రులు మారారు; ఢిల్లీలో నిర్ణయించిన పేరును ఇక్కడి శాసనసభ్యులు ఒప్పుకోవడం జనం చూశారు. గ్రామాధికారంలో పాలు దక్కని వెనుకబడిన కులాలవారు ఎన్నో ఏళ్లుగా వేరే దారి కోసం చూస్తున్నారు. తరువాత 1984లో కరణం, మునసబు, పటేల్, పట్వారీ అనే వంశపారంపర్య గ్రామాధికార పదవులు రద్దు కావడం, 1985లో తాలూకాల స్థానంలో మండలాలు రావడం చిన్న మార్పులు కావు. కాగితం పని కోసం ఒక కుటుంబం గుమ్మం ముందు నిలబడవలసిన అవసరం తగ్గినప్పుడు, ఆ కుటుంబం చెప్పిన గుర్తుకే ఓటు వేయాలన్న కట్టుబాటు కూడా సడలుతుంది.

తెలంగాణలో ఇంకా పాత ఉదాహరణ ఉంది. నిజాం పాలనలో రాజకీయ సభ పెట్టుకోవడమే కష్టమైన రోజుల్లో జనం గ్రంథాలయాలు పెట్టుకున్నారు. 1930లో జోగిపేటలో జరిగిన మొదటి ఆంధ్ర మహాసభ చదువు, గ్రంథాలయాలు, సంఘ సంస్కరణ గురించి మాట్లాడింది. 1944లో భువనగిరి సభ నాటికి అదే సంస్థ వెట్టిచాకిరీకి, దొరల దౌర్జన్యానికి ఎదురు నిలిచింది, పల్లెల్లో అందరూ దాన్ని సంగం అని పిలుచుకున్నారు. అప్పటిదాకా దొర మాటే ఊరి మాటగా బతికిన కుటుంబాలు ఆ సంగంలో చేరాయి.

జవాబు (నెల్లూరు జిల్లా, అక్షరాస్యతా కార్యక్రమంలో పనిచేసినవారు)

అధ్యాపకులవారు చెప్పిన రెండు ఘట్టాలూ పెద్ద సంస్థలకు సంబంధించినవి. విశ్వాసం మారే పద్ధతి ఒక చిన్న గదిలో ఎలా ఉంటుందో నేను చూశాను కాబట్టి రాస్తున్నాను.

1990లో మా జిల్లాలో అక్షరదీపం పేరుతో సంపూర్ణ అక్షరాస్యతా కార్యక్రమం మొదలైనప్పుడు నేను ఒక ఊరి కేంద్రంలో వాలంటీరును. ఆడవాళ్లు కూలి నుంచి వచ్చి, వంట ముగించి, పిల్లలను పడుకోబెట్టి రాత్రిపూట వచ్చేవారు. వాచకాల్లో సీతమ్మ కథ అనే పాఠం ఉండేది. సారా వల్ల ఒక సంసారం ఎలా కూలిపోయిందో చెప్పే పాఠం అది. దాన్ని చదివించిన రాత్రుల్లో చదువు ముందుకు సాగేది కాదు. మగవాడికి వచ్చే కూలి ఎంత, అందులో దుకాణానికి పోయేది ఎంత, ఆడమనిషి కూలిలోంచి గుంజుకుపోయేది ఎంత అని ఒకామె మొదలుపెడితే ఇంకొకామె అందుకునేది. ఆ అంకెలే పలక మీద వేసి కూడికలు నేర్పించాం. ఎవరి ఇంటి లెక్క వాళ్ల దగ్గరే ఉన్నంతకాలం అది నా మొగుడి బుద్ధి, నా ఖర్మ అనే మాట దగ్గరే ఆగింది. పది ఇళ్ల లెక్కలు ఒకే పలక మీదికి వచ్చిన తరువాత, తాగడానికి నీళ్లు సరిగా రాని ఊరికి సారా మాత్రం వేళకు ఎలా వస్తోంది, దాన్ని పంపుతున్నది ఎవరు అని అడగడం మొదలుపెట్టారు. వాళ్లకు రాజకీయం గురించి ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు.

మా జిల్లాలోని దూబగుంట అనే ఊళ్లో రోశమ్మ గారు, తోటి ఆడవాళ్లు కలిసి సారా దుకాణం మూయించిన సంగతి ఊరూరా పాకింది. 1992 నాటికి చీపుళ్లు, కారప్పొడి పట్టుకుని సారా బండ్లకు అడ్డం నిలబడ్డ ఊళ్లు ఎన్నో. నెల్లూరులో సారా వేలంపాటలు జరగనివ్వకపోవడంతో అధికారులు వాటిని మళ్లీ మళ్లీ వాయిదా వేయవలసి వచ్చింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1994 ఎన్నికల్లో సంపూర్ణ మద్యనిషేధం ప్రధాన వాగ్దానం అయింది, 1995 జనవరిలో అమలైంది. 1980లలో వారుణి వాహిని పేరుతో సారాను ప్రభుత్వమే ప్యాకెట్లలో ఊళ్లకు చేర్చింది. ఆ ప్రభుత్వాన్ని నడిపిన రామారావు గారే ఈ వాగ్దానం చేశారంటే, ఆడవాళ్లు ఏ పార్టీనీ స్థాపించకుండానే పార్టీల మాట మార్పించారన్నమాట.

1997లో ఆ నిషేధాన్ని సడలించారు. నాతో చదువుకున్న ఆడవాళ్లలో చాలామంది తరువాతి ఎన్నికల్లో తమ కులంవాళ్లు చెప్పిన గుర్తుకే ఓటు వేశారు, ఇది దాచవలసిన సంగతి కాదు. కానీ రేషను కార్డు కోసమైనా, కూలి రేటు కోసమైనా మండలాఫీసుకు వెళ్లి కుర్చీలో కూర్చున్న మనిషిని నిలదీయడం వాళ్లు మానలేదు. ఇంటి అభిమానమూ ఈ తెగువా ఒకే మనిషిలో ఉండగలవు. అమ్మాయి మొదటి ప్రశ్నకు నా అనుభవం చెప్పే జవాబు ఇది: ముందు నమ్మకం ఏర్పడి తరువాత పనిలోకి దిగినవాళ్లకంటే, నలుగురితో కలిసి ఒక పనిలోకి దిగి అక్కడ నమ్మకం ఏర్పరచుకున్నవాళ్లనే నేను ఎక్కువగా చూశాను.

జవాబు (హైదరాబాదు, ప్రైవేటు ఉద్యోగి)

అలాంటి ఉద్యమాలు ఏ తరానికో ఒకసారి వస్తాయి. నగరంలో మా పరిస్థితి వేరు. మా అపార్టుమెంటులో పక్క ఫ్లాటువాళ్ల పేరు తెలియదు గానీ, దేశ రాజకీయాల మీద రోజుకు వంద సందేశాలు వాట్సాప్‌లో వస్తాయి. అవతలి పార్టీ మీద కోపమే రాజకీయ జ్ఞానంగా చలామణి అవుతోంది. 2024 మే 13న ఆంధ్రప్రదేశ్‌లో పోలింగు 80 శాతం దాటింది, ఇక్కడి నుంచి బస్సుల్లో నిలబడి వెళ్లి మరీ ఓటు వేసి వచ్చినవాళ్లున్నారు. అదే రోజు హైదరాబాదు లోక్‌సభ స్థానంలో 50 శాతం ఓట్లు కూడా పోలు కాలేదు. జాబితాలో చనిపోయినవాళ్ల పేర్లు, ఇల్లు మారినవాళ్ల పేర్లు మిగిలిపోవడం ఇందుకు కొంత కారణమే. అయినా వీధిలో చెత్త బండి రాకపోతే నగరంలో జనం కార్పొరేటరును అడగరు, ప్రైవేటు మనిషిని పెట్టుకుంటారు. డబ్బుతో తీరిపోయే అవసరం ఎవరినీ ఒకచోటికి చేర్చదు. అందుకే కలిసి పని చేస్తే విశ్వాసం పుడుతుందన్న మాటను ఒప్పుకుంటూనే, కలిసి చేసే పనే లేనిచోట ఏం చేయాలని అడుగుతున్నాను.

జవాబు (గ్రామ పంచాయతీ వార్డు సభ్యురాలు)

నగరం సంగతి నేను చెప్పలేను, పల్లెలో పని ఉంది, దాని పేరు గ్రామసభ. 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ స్త్రీలకు మూడో వంతు స్థానాలు కేటాయించింది, మన రెండు రాష్ట్రాల చట్టాలూ దాన్ని సగానికి పెంచాయి. సర్పంచి, వార్డు సభ్యుల ఎన్నికలకు పార్టీ గుర్తులు ఉండవు. తెర వెనుక పార్టీలు ఉంటాయని అందరికీ తెలిసినా, ఒక వీధి సమస్యను పార్టీ పేరెత్తకుండా మాట్లాడేందుకు చట్టం చోటు మిగిల్చింది.

మా ఊళ్లో నేను గెలిచిన కొత్తలో గ్రామసభ ఇలా జరిగేది. కార్యదర్శి గారు తీర్మానాల పుస్తకం తెచ్చేవారు, పది మంది మగవాళ్లు టీ తాగేవారు, పుస్తకం చేతులు మారి సంతకాలు పడేవి, రాయవలసినది తరువాత రాసుకునేవారు. మా డ్వాక్రా సంఘం నుంచి ఆరుగురం వెళ్లి, సంతకానికి ముందు ప్రతి తీర్మానమూ పైకి చదవాలని అడిగాం. మాకు వ్యతిరేకంగా ఉన్నవాళ్లు ఇది ఫలానా పార్టీవాళ్ల ఎత్తు అన్నారు. మూడో తీర్మానం చదివేసరికి, తమ వీధిలో మురుగుకాలువ పని పూర్తయినట్టు పుస్తకంలో రాసి ఉందని అలా అన్నవాళ్లే విన్నారు. ఆ వీధిలో కాలువ లేదు. ఆ తరువాతి మాటల్లో పార్టీల ప్రస్తావన రాలేదు.

ఉపాధి హామీ పనుల మీద జరిగే సామాజిక తనిఖీ కూడా ఇలాంటిదే. ఎవరి పేరున ఎన్ని పనిదినాలు రాశారో అందరి ముందూ చదువుతారు. తన పేరు మీద తాను చేయని పని రాసి ఉందని విన్న కూలీ ఏ పార్టీ మనిషైనా నోరు విప్పుతాడు.

ప్రశ్న అడిగిన విద్యార్థిని

అందరికీ ధన్యవాదాలు. మేడమ్ గారూ, మా ఊళ్లో గ్రామసభకు ఆడపిల్లలు వెళ్లడం నేను చూడలేదు. నేను వార్డు సభ్యురాలిని కాను, ఏ సంఘంలోనూ లేను. అక్కడ మాట్లాడే హక్కు నాకు ఉంటుందా? మా ఇంటివాళ్ల పార్టీ మనిషే మా సర్పంచి, నేను ఏదైనా అడిగితే నాన్నగారికి మాట వస్తుందేమోనని సందేహం.

జవాబు (గ్రామ పంచాయతీ వార్డు సభ్యురాలు)

ఉంటుందమ్మా. ఊరి ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ గ్రామసభ సభ్యులే, ఎవరి అనుమతీ అక్కరలేదు. మీరు పెట్టిన దరఖాస్తు అంగీకారమై పేరు జాబితాలో ఎక్కిందో లేదో ముందు చూసుకోండి. ఇప్పుడు జనవరి 1 ఒక్కటే కాకుండా ఏప్రిల్, జూలై, అక్టోబరు నెలల మొదటి తేదీలను కూడా అర్హతకు లెక్కలోకి తీసుకుంటున్నారు కాబట్టి ఎక్కువ కాలం ఆగనక్కరలేదు.

నాన్నగారి సంగతి. ఆయనకు ముందే చెప్పి వెళ్లండి, దాచవద్దు. మొదటిసారి ఎవరినీ తప్పుపట్టే ప్రశ్న వద్దు. మీ ఊరి మంచినీళ్ల ట్యాంకు మీద కడిగిన తేదీ రంగుతో రాసి ఉంటుంది, వెళ్లి చూడండి. ఆ తేదీ పాతదైతే, ట్యాంకు మళ్లీ ఎప్పుడు కడుగుతారని, క్లోరినేషను లెక్క ఎవరి దగ్గర ఉందని కాగితం మీద రాసుకుని వెళ్లి అడగండి. ఆ నీళ్లు మీ నాన్నగారూ, సర్పంచి గారూ, అవతలి పార్టీవాళ్లూ అందరూ తాగుతారు. వీలైతే మీతో వాదించిన స్నేహితురాలి వంటి అమ్మాయిని, వేరే పార్టీ ఇంటి పిల్లను, ఒకరిని వెంట తీసుకెళ్లండి. మీ ప్రశ్న పుస్తకంలో రాశారో లేదో చదివి చూసిన తరువాతే సంతకం పెట్టండి. సభలో సమాధానం రాకపోతే సమాచార హక్కు చట్టం కింద పంచాయతీ కార్యదర్శికి అదే ప్రశ్న రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు రసీదు తీసుకోండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.