ఫాస్ఫీన్, బోరేన్ జంట కలిస్తే గిబ్స్ శక్తి ధనాత్మకంగా వస్తోంది, ఎందుకు?

ప్రశ్న (అమలాపురం నుంచి)
అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం ట్రై టెర్షరీ బ్యూటైల్ ఫాస్ఫీన్, ట్రిస్ పెంటాఫ్లోరోఫినైల్ బోరేన్ జంట హైడ్రోజన్ అణువును చీల్చే విధానాన్ని డీఎఫ్‌టీతో (ఎలక్ట్రాన్ సాంద్రత ఆధారంగా అణువుల శక్తిని లెక్కించే పద్ధతి) లెక్కిస్తున్నాను. చుట్టూ ఉన్న పెద్ద సమూహాలు అడ్డుపడటం వల్ల ఫాస్ఫరస్, బోరాన్ నేరుగా బంధం ఏర్పరచుకోలేవు. అందులో బీ3ఎల్‌వైపీ అనే సూత్రంతో వేస్తే జంట నిలవకుండా విడిపోయింది. అణువుల మధ్య బలహీన ఆకర్షణను కలిపే డీ3 సవరణ చేర్చాక నిలిచి ఎలక్ట్రానిక్ శక్తి తగ్గింది కాని, గిబ్స్ శక్తి (ఎంట్రోపీని కూడా కలుపుకొని, మార్పు దానంతటదే జరుగుతుందో లేదో చెప్పే విలువ) ఇంకా ధనాత్మకంగానే ఉంది. లెక్క తప్పా, నా అవగాహన తప్పా?

జవాబు 1 (కాకినాడ నుంచి)
రెండూ తప్పు కాదమ్మా. ఈ జంటను పట్టి ఉంచేవి ప్రధానంగా లండన్ బలాలు, అంటే అణువుల మధ్య ఉండే బలహీన ఆకర్షణలు. సవరణ లేని బీ3ఎల్‌వైపీకి అవి కనబడవు. ఇక స్వేచ్ఛగా తిరిగే రెండు అణువులు ఒకటైనప్పుడు స్థానాంతర, భ్రమణ చలనాల ఎంట్రోపీ (కదలికల స్వేచ్ఛకు కొలత) చాలా పోతుంది కనుక గిబ్స్ శక్తి పెరగడం సహజమే. ఆ జంట సీసాలో దాచుకునే పదార్థం కాదు, చర్యకు దారిలో క్షణకాలం ఏర్పడే అమరిక మాత్రమే. మన కాలువల్లో లాకు దాటే పడవను తలచుకోండి: మధ్యలో ఎక్కడ ఆగిందన్నది కాదు, దిగువ నీటిమట్టం నుంచి ఎంత ఎత్తు ఎక్కాలన్నదే లెక్క. అందుకే ఉత్తేజన శక్తిని విడివిడి అణువుల నుంచే కొలవాలి.

ప్రోగ్రాము ఇచ్చే విలువ సాధారణంగా 1 అట్మాస్ఫియర్ పీడనానికి చెందినది. ద్రావణంలో 1 మోలార్ స్థితికి మారిస్తే, రెండు అణువులు ఒకటయ్యే మెట్టు గిబ్స్ శక్తి 298 కెల్విన్ వద్ద మోల్‌కు 1.89 కిలోకేలరీలు తగ్గుతుంది. హైడ్రోజన్ కూడా చేరితే అంతకు రెట్టింపు. 100 సెంటీమీటర్ విలోమాల కంటే తక్కువ ఉన్న కంపన ఫ్రీక్వెన్సీలను హార్మోనిక్‌గా (ఆదర్శ స్ప్రింగు కంపనాలుగా) వదిలేస్తే ఎంట్రోపీ నమ్మదగినదిగా ఉండదు.

జవాబు 2 (రాజమహేంద్రవరం నుంచి)
పై జవాబుతో ఏకీభవిస్తున్నాను. పోల్చి చూసుకోవడానికి ప్రయోగ ఫలితం ఉంది: ఇదే జంట గది ఉష్ణోగ్రతలో, 1 అట్మాస్ఫియర్ హైడ్రోజన్‌తోనే చర్య జరుపుతుందని రసాయన శాస్త్రవేత్త డగ్లస్ స్టీఫన్ బృందం 2007లో చూపింది. కాబట్టి మీకు 30 కిలోకేలరీల అడ్డంకి వస్తే పద్ధతినే అనుమానించాలి. 1.36 కిలోకేలరీల పొరపాటు వేగాన్ని పదిరెట్లు మార్చేస్తుంది. ఉత్పన్నం అయాన్ల జంట కనుక ద్రావణి నమూనా లేకుండా దాని శక్తిని నమ్మవద్దు. ట్రాన్సిషన్ స్టేట్‌లో (చర్య దారిలో అత్యధిక శక్తి ఉన్న అమరిక) ఒకే ఒక్క ఇమాజినరీ ఫ్రీక్వెన్సీ (శిఖరం మీద ఉన్నామని చెప్పే గుర్తు) ఉంటే సరిపోదు. ఐఆర్‌సీ (ఆ శిఖరం నుంచి చర్య దారిని అనుసరించే లెక్క) నడిపి రెండు వైపులా ఎక్కడికి దిగుతుందో చూడండి.

ప్రశ్న అడిగినవారు
కృతజ్ఞతలు. 1.89 సవరణ నేను చేయలేదు, ద్రావణి కూడా పెట్టలేదు. టోలుయీన్ ద్రావణి నమూనాతో మొదటి మెట్టు నుంచి మళ్లీ లెక్కించి, ఐఆర్‌సీ ఫలితంతో ఇక్కడే రాస్తాను.