బ్యాంజోకి మేకతోలే ఉంచాలా, ప్లాస్టిక్ షీటు వేయించుకోవాలా?

వంశధార_గట్టు (శ్రీకాకుళం):
అందరికీ నమస్కారం. నా దగ్గర చేత్తో చేసిన అయిదు తీగల బ్యాంజో ఉంది. వెనక మూత లేని రకం. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి ఉద్దానంలో పడిపోయిన పనసచెట్టు చెక్కతో చేసింది. 11 అంగుళాల రింగుకి మేకతోలు బిగించి ఉంటుంది. ఎండాకాలమంతా బాగా పలికింది. వానలు పట్టాక తోలు మెత్తబడి, దాని మీద తీగల్ని ఎత్తిపట్టే బ్రిడ్జి కిందికి దిగిపోతోంది, తీగలు మెడ మీది మెట్లకి తగిలి జరజరమంటున్నాయి. తోలు తీసేసి ప్లాస్టిక్ షీటు వేయిస్తే ఈ గోల వదులుతుందా? తెలిసినవాళ్లు చెప్పండి.

కోట_జంక్షన్ (విజయనగరం):
బెంజో అంటే టైపు మిషన్‌లా మీటలు నొక్కేదే కదండీ? దానికి తోలెక్కడ?

వంశధార_గట్టు:
అది బుల్‌బుల్ తరంగ్. దాన్నీ బెంజో అనేస్తారు. ఇది వేరు. డప్పుకి మెడ పెట్టి తీగలు కట్టినట్టుంటుంది.

బొబ్బిలి_పనస:
తోలు తీయకండి. డప్పు వాయించేవాళ్లు ముందు మంట చూపిస్తారు, ఎందుకు? తోలులో తేమ పోయి బిగియాలని. మీదీ ఆ తోలే. అలాగని మంట చూపించేరు బాబూ, రింగు అతుకులు ఊడతాయి.

చుట్టూ కొక్కేలకి నట్లుంటాయి కదా. ఒకటి పావు తిప్పు తిప్పి, సరిగ్గా దాని ఎదురుగా ఉన్నదాన్ని పావు తిప్పు తిప్పండి. అలా ఎదురెదురుగా వెళ్లాలి. వరసగా బిగించుకుంటూ పోతే తోలు ఒక పక్కకి లాగేస్తుంది. తర్వాత బ్రిడ్జి చూసుకోండి. మన వీణవాళ్లు గుర్రం అంటారే, అదే. దాన్ని జిగురుతో అంటించరు, తీగల ఒత్తిడికే నిలబడుతుంది. అందుకే తోలు కదిలితే అదీ కదులుతుంది. 12వ మెట్టు మీద తీగకి వేలు ఊరికే ఆనించి మీటితే వచ్చే స్వరం, అక్కడే నొక్కి మీటితే వచ్చే స్వరం ఒకటే కావాలి. నొక్కినది హెచ్చితే గుర్రాన్ని మెడకి దూరంగా జరపండి, తగ్గితే దగ్గరికి.

ఆఫ్రికా నుంచి బానిసలుగా పట్టుకుపోయినవాళ్లు అమెరికా వైపు సొరబుర్రకి తోలు బిగించి చేసుకున్న వాయిద్యం ఇది. ప్లాస్టిక్ వేశాక అదింక బ్యాంజో ఏటండీ, రేకు డబ్బా.

స్టీల్_తీగ:
సొరబుర్ర రోజుల్లో మెట్లు కూడా లేవు. వాటినీ పీకేయమంటారా? డ్రమ్ములకి పాలియెస్టర్ షీట్లు 1950ల చివర్లోనే వచ్చాయి, బ్యాంజోవాళ్లూ వాటికే మారారు. వాన పడినా ఎండ కాసినా పెద్దగా తేడా రాదు. సముద్రం పక్క జిల్లాలో తోలు పట్టుకుని కూర్చోవడం మొండితనం.

చేతిపని అని మోజుపడి నేనూ ఒక వీణ కొన్నాను. రెండు వేసవులకే మైనం మెత్తబడి మెట్లు జారాయి. చేసినాయన ‘వస్తానండీ, వస్తానండీ’ అని ఏడాది గడిపాడు. రాలేదు.

బొబ్బిలి_పనస:
మేళం, అంటే మైనంలో కూర్చిన ఆ మెట్ల వరస, జారడం వేరు, తోలు జారడం వేరు. వీణకి కొన్నాళ్లయ్యాక మేళం మళ్లీ కట్టించుకోవాల్సిందే, అది లోపం కాదు. ఇంతకీ వీణ ఎక్కడ పెట్టారు? కిటికీ దగ్గరేనా?

స్టీల్_తీగ:
కిటికీ దగ్గర కాదు. హాల్లో.

బొబ్బిలి_పనస:
హాలుకి కిటికీ లేదా?

నాగావళి_ఈత:
మనకి జముకు ఉంది. తోలూ ఉంది, తీగా ఉంది దానికి. అది నేర్చుకునేవాడు లేడు గానీ అమెరికా వాయిద్యం కావాలి.

కోట_జంక్షన్:
వయొలినూ బయటి నుంచి వచ్చిందేనండీ. 1919లో మా ఊళ్లో సంగీత కళాశాల పెట్టినప్పుడు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు నేర్పింది దాన్నే.

వంశధార_గట్టు:
బొబ్బిలి గారూ, పావు తిప్పు అన్నారు. మూడు నాలుగు తిప్పులు తిప్పితే ఏమవుతుంది?

బొబ్బిలి_పనస:
ఎప్పుడు తిప్పారు? వానలోనా, ఎండలోనా?

వంశధార_గట్టు:
వాన రోజే. ఆ సాయంత్రం ఖంగుమని పలికింది. తర్వాత రెండు రోజులు ఎండ కాసింది.

బొబ్బిలి_పనస:
తడిగా సాగి ఉన్నప్పుడు అంత బిగించేస్తే ఆరాక అది ఎటు పోతుంది? చిరిగింది. అవునా కాదా?

వంశధార_గట్టు:
అంచున నాలుగు వేళ్ల మేర చీలింది. నేనడిగింది అది కాదు. పద్నాలుగు వేలు పోసి కొన్న వస్తువు ఒక్క వానాకాలం ఆగకపోతే తప్పెవరిది?

స్టీల్_తీగ:
ఇప్పుడడిగారు అసలు మాట.

చెక్కపొడి:
అది చేసింది నేనే. రెండు రోజులుగా చదువుతున్నాను. నా పేరు రాయలేదు, సంతోషం. కానీ నాలుగుసార్లు నా పెట్రోలు పోసుకుని వచ్చి గుర్రం సర్ది, నట్లు చూసి వెళ్లానని కూడా రాయలేదు. తోలు మార్చడానికి తొమ్మిది వందలు అడిగాను. తోలు తేవాలి, నానబెట్టాలి, తడి మీద బిగించి నీడలో ఆరనివ్వాలి. ‘నువ్వు చేసిందే కదా, మళ్లీ డబ్బులేంటి’ అన్నారు. ఆ మర్నాడే ఇక్కడ తోలా, ప్లాస్టిక్కా అని ప్రశ్న.

స్టీల్_తీగ:
కంపెనీ అయితే వారంటీ ఇస్తుంది. చేతిపనివాళ్లకి అది అక్కర్లేదా?

చెక్కపొడి:
నట్టు నాలుగు తిప్పులు తిప్పి చింపి తీసుకెళ్లండి. ఏ కంపెనీ ఊరికే మారుస్తుందో చూద్దాం.

బొబ్బిలి_పనస:
మా నాన్న వీణలు చెక్కాడు. ఆ పని నా దాకా ఎందుకు రాలేదో చెప్పమంటారా? చెక్క ఖరీదెంత అని అడిగినవాళ్లే గానీ, నీ రోజు కూలి ఎంత అని అడిగినవాడు లేడు. స్టీల్ గారూ, మీ వీణాయన రాలేదన్నారు. రానూపోనూ ఛార్జీలిస్తానన్నారా?

స్టీల్_తీగ:
ఆయన అడగలేదు.

బొబ్బిలి_పనస:
అడగరండీ. అడిగితే ఇలాగే రాస్తారని.

స్టీల్_తీగ:
అడగనిదానికి నన్ను దోషిని చేస్తే ఎలా? రానని ఒక్క మాట చెప్తే వేరేవాళ్లని చూసుకునేవాణ్ణి. ఏడాది పాటు వీణ మూల పడి ఉంది.

వంశధార_గట్టు:
నాలుగుసార్లు వచ్చిన మాట నిజమే. కానీ వాన రోజు బిగించకూడదని ఒక్కసారీ చెప్పలేదు.

చెక్కపొడి:
చెప్పలేదు. అది నా తప్పే. మాకు అలవాటు గనక అందరికీ తెలుసనుకుంటాం.

ప్లాస్టిక్ సంగతి చెప్తాను. రింగు ముక్కలు అతికి చేత్తో గుండ్రం చేసింది. అడ్డంగా ఒకలా, నిలువుగా అర నూలు తేడాగా ఉంటుంది. రెడీమేడ్ షీటు కచ్చితమైన కొలతకి వస్తుంది, ఒక పక్క కూర్చుంటే రెండో పక్క పట్టేస్తుంది. తడి తోలుకి ఆ బాధ లేదు, ఎలా ఉంటే అలా ఒదుగుతుంది. మీకు ప్లాస్టిక్కే కావాలంటే రింగు మళ్లీ చిత్రిక పట్టాలి, తొమ్మిది వందలకి అవదు. తోలైతే తోలు ఖరీదు, సగం కూలి ఇవ్వండి.

వంశధార_గట్టు:
ఆదివారం తెస్తాను. కూలి సగం ఎందుకు, పూర్తిగానే తీసుకోండి. పెట్రోలు మాత్రం అడక్కండి.

చెక్కపొడి:
తీగలు వదులు చేసి, గుర్రం తీసి జేబులో పెట్టుకుని రండి. కిందటిసారిలా బస్సులో ఇంజను మీద పెట్టకండి.