ఇంటి వెనక ఖాళీ ప్లాట్‌లో రోజూ చెత్త తగలబెడుతున్నారు, ఎవరికి చెప్తే ఆగుతుంది?

మేడమీద_తులసి:
అందరికీ నమస్తే అండి. మేం హైదరాబాద్ శివార్లలో ఉంటాం. మా అపార్ట్‌మెంట్ వెనకే మూడొందల గజాల ఖాళీ ప్లాట్ ఉంది, ఓనర్ అమెరికాలో ఉంటారట, ఇక్కడ చూసుకునేవాళ్లు లేరు. మేం దిగిన కొత్తలో అందులో తుమ్మచెట్లు తప్ప ఏమీ లేవు, ఎవరో ఒక కవర్ వేశారు, దాని పక్కన ఇంకొకరు వేశారు, మూడేళ్లు తిరిగేసరికి ప్రహరీ గోడ ఎత్తు గుట్ట అయింది. ఇప్పుడు రాత్రి పదకొండు దాటాక ట్రాలీ ఆటోలే వస్తున్నాయి, కొబ్బరి బోండాలు, చికెన్ షాపు మూటలు, పాత పరుపులు, సిమెంట్ పెళ్లలు అన్నీ దింపేసి లైట్లు ఆపేసుకుని వెళ్లిపోతారు. తెల్లారగట్ల నాలుగున్నరకి ఎవరో అంటిస్తారు.

మా పాపకి ఆరేళ్లు, వీజింగ్ ఉంది. నిన్న పొద్దున కిటికీ సందుల్లో తడి టవల్ కుక్కి, ఒళ్లో కూర్చోబెట్టుకుని నెబ్యులైజర్ పెడితే, ఆ మాస్క్ లోపల్నించే "అమ్మా, ప్లాస్టిక్ వాసనొస్తోంది" అంది. దండెం మీద ఆరేసిన యూనిఫాం చొక్కా నిండా నల్లటి నుసి, దులిపితే పోదు, వేలితో తీస్తే జిడ్డుగా సాగుతుంది. అదంతా దాని ఊపిరితిత్తుల్లోకి కూడా పోతోంది కదా అని నిన్నట్నుంచి నాకు నిద్ర లేదు.

మున్సిపాలిటీ యాప్‌లో నాలుగుసార్లు కంప్లైంట్ పెట్టా, నాలుగుసార్లూ రెండ్రోజులకి "పరిష్కరించబడింది" అని మెసేజ్ వచ్చింది, ఒకసారైతే దాంతోపాటు వచ్చిన ఫోటో మా వీధిదే కాదు. పోలీసులకి చెప్పాలా, ఓనర్‌ని పట్టుకోవాలా, అంటించేవాణ్ణి పట్టుకోవాలా, ఎవరికైనా అనుభవం ఉంటే చెప్పండి ప్లీజ్.

కోర్టు_గుమ్మం:
మేడమ్, ముందు ఒక విషయం, చెత్త తగలబెట్టడం ఏదో చిన్న తప్పు అనుకుని వదిలేస్తున్నారు గానీ 2016 డిసెంబర్‌లో నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్ దేశమంతటా బహిరంగంగా చెత్త కాల్చడాన్ని నిషేధించింది. మామూలుగా కాలిస్తే 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున కాలిస్తే 25,000 రూపాయల జరిమానా వెయ్యమంది. మీ అర్జీలో ఈ ముక్క రాయండి. యాప్‌లో కాదు, తెల్లకాగితం మీద రాసి మున్సిపల్ ఆఫీసులో ఇచ్చి, మీ కాపీ మీద స్టాంపు వేయించుకోండి. ఆ స్టాంపు ఉంటే ఎవరూ బటన్ నొక్కి మూసెయ్యలేరు. ఫోటోలు తీసేటప్పుడు తేదీ, టైమ్, లొకేషన్ పడేలా తియ్యండి, ట్రాలీ నంబర్ కనపడితే అదే పెద్ద సాక్ష్యం.

అప్పటికీ కదలకపోతే ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ దగ్గర పబ్లిక్ న్యూసెన్స్, అంటే నలుగురికీ ఇబ్బంది కలిగించడం కింద పిటిషన్ వెయ్యొచ్చు, పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ)లో 133 సెక్షన్, ఇప్పుడు దాని బదులు వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్)లో 152. మధ్యప్రదేశ్‌లో రత్లాం అనే ఊళ్లో జనం ఇలాగే మురుగు కంపు భరించలేక మేజిస్ట్రేట్ దగ్గరికెళ్తే అది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, 1980లో జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పు ఇచ్చారు, డబ్బుల్లేవని చెప్పి మున్సిపాలిటీ తన బాధ్యత తప్పించుకోవడానికి వీల్లేదని. ఎవరైనా "స్టాఫ్ లేరు, బండి లేదు" అంటే ఆ తీర్పు పేరు చెప్పండి.

పొద్దుగాల_ఆటో:
అక్కా, నేను ఆరేండ్లు చెత్త ఆటో నడిపిన, ఇప్పుడు వేరే పని చేస్తున్న. లోపలి ముచ్చట చెప్త ఇను. ఇంటింటి చెత్త మేం తీసుకపోయి ట్రాన్స్‌ఫర్ స్టేషన్‌ల పోస్తం, ఆడికెళ్లి పెద్ద బండ్లల్ల జవహర్‌నగర్ డంపు యార్డుకు పోతది. మాకు నెలకు ఇంటోళ్లు ఇచ్చే పైసలు, చెత్తల ఏరి అమ్ముకునే ప్లాస్టిక్, అట్టలు, గంతే బతుకు. బోండాలు, పరుపులు, పెళ్లలు ఎక్కించుకుంటే బండి ఒక గల్లీకే నిండిపోతది, అమ్మితే రూపాయి రాదు, అందుకే ఎవ్వలూ ఎక్కించుకోరు. దుకానపోళ్లు ట్రాలీ వానికి ఇంత ఇచ్చి పడేసి రమ్మంటరు, వాడు డీజిల్ ఖర్చు చూసుకుని దగ్గర్ల ఉన్న ఖాళీ ప్లాట్ల దింపుతడు. రోడ్ల మీద కుండీలు తీసేసినంక గీ అడ్డాలు ఇంకా ఎక్కువైనయ్, ఆఫీసుల వీటిని జీవీపీలు అంటరు, గార్బేజ్ వల్నరబుల్ పాయింట్లు, అంటే జనం ఎప్పుడూ చెత్త పడేసే జాగలన్నట్టు.

ఇగ అంటించేటోడు ఒక్కడు గాదు. వైర్లు కాల్చి రాగి తీసుకునేటోళ్లు ఉంటరు, సోఫాలు, పరుపులు కాల్చి స్ప్రింగుల ఇనుము ఏరుకునేటోళ్లు ఉంటరు. ఆకులు ఊడ్చిన ఆడోళ్లకు సంచులు ఇయ్యరు, మోసుకపోయే బండి ఉండది, పొద్దెక్కకముందే వీధి సాఫ్ జెయ్యాలె, అందుకే అగ్గి పెడ్తరు. నువ్వు తెల్లారగట్ల నిలవడి ఒకామెను పట్టుకుంటవ్, ఆమె పని పోతది, రేపటికి ఇంకొకరొస్తరు, గుట్ట ఆడనే ఉంటది. దింపేటోణ్ణి ఆపితేనే అగ్గి ఆగుతది అక్కా.

బెజవాడ_బాబాయ్:
పైన తమ్ముడు చెప్పింది అక్షరాలా నిజం. మా ఏపీలో 2021లో ఇంటింటి చెత్తకి యూజర్ ఛార్జీలు పెట్టారు కదా, అందరం చెత్త పన్ను అన్నాం, మా వీధిలో చాలామంది కట్టమని మొండికేశారు, 2024 చివరికి తీసేశారు. ఆ గొడవ పక్కన పెడితే నేను చూసింది ఏంటంటే, కట్టినా కట్టకపోయినా బండి టైమ్‌కి రాకపోతే జనం కాలవ గట్టు మీదకే విసురుతారు. మా పక్కింట్లో మొగుడూ పెళ్లాం ఇద్దరూ ఏడింటికే డ్యూటీకి పోతారు, బండేమో తొమ్మిదిన్నరకి వస్తుంది, వాళ్లేం చేస్తారు చెప్పండి. మీ కాలనీలో బండి ఎన్నింటికి వస్తుందో ఒకసారి చూడమ్మా.

ఇంకోటి, కాలుతున్న గుట్ట మీద మీరు బకెట్లతో నీళ్లు పోసి ఆరిపోయిందనుకోవద్దు. బోండాల గుట్టలో పైన ఆరినా లోపల నిప్పు రాజుకుంటూనే ఉంటుంది. కొచ్చిలో బ్రహ్మపురం డంప్ 2023 మార్చిలో అంటుకుంటే పది రోజులకి పైగా ఊరంతా పొగే, జేసీబీలతో చెత్త తిరగేసి లోపలికి నీళ్లు కొట్టాల్సొచ్చింది. మీది చిన్నదే అయినా సంగతి అదే, మంట పెద్దదైతే 101కి ఫోన్ చెయ్యండి.

మేడమీద_తులసి:
అందరికీ చాలా థ్యాంక్స్ అండి. తమ్ముడూ, నువ్వు చెప్పింది చదివాక నాకు కొంచెం సిగ్గేసింది, ఎందుకంటే పోయిన వారం ఊడ్చే ఆవిడ మీద బాల్కనీలోంచి గట్టిగా అరిచాను, ఆవిడ చేతిలో చీపురు తప్ప ఏమీ లేదు, ఇప్పుడు గుర్తొస్తోంది. మా దగ్గర బండి పదింటికి వస్తుంది, అదీ రోజు విడిచి రోజు.

నాలుగో_లైన్_సెక్రెటరీ:
మేడమ్, మా కాలనీలో ఇదే బాధ రెండేళ్లు పడ్డాం. చేసింది చెప్తాను, మీకు ఏది కుదిరితే అది తీసుకోండి. ముందు ప్లాట్ సర్వే నంబర్‌తో ఈసీ, అంటే రిజిస్ట్రేషన్ల వివరాలుండే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ తీయించాం, అందులో ఓనర్ పేరు దొరికింది, ఆయన బంధువుల్ని పట్టుకుని వీడియో కాల్‌లో గుట్ట చూపించాం, ఆయనకి అసలు తెలియదు పాపం, వారంలో రేకుల ఫెన్సింగ్ వేయించారు. గుట్టని ఖాళీ చేయించకుండా ఫెన్సింగ్ వేస్తే మాత్రం పైనుంచి విసురుతారు, మేం మొదట ఆ పొరపాటు చేశాం. పెళ్లలు, ఇటుకలు వేరు చేసి పంపాం, వాటికి జీడిమెట్లలో, ఫతుల్లాగూడలో ప్లాంట్లు ఉన్నాయి, మామూలు చెత్తలో కలిపితే ఎవరూ తీసుకోరు.

ఖాళీ అయిన మర్నాడే మా ఆడవాళ్లు అక్కడ కళ్లాపి చల్లి ముగ్గు వేశారు. నేను నమ్మలేదు గానీ ముగ్గు మీద కవర్ వెయ్యడానికి జనానికి చెయ్యి రాలేదండి. అయితే ట్రాలీ వాళ్లు ముగ్గుకి ఆగరు, వాళ్ల కోసం ఇరవై రోజులు ఇద్దరిద్దరం వంతులేసుకుని రాత్రి ఒంటిగంట దాకా కుర్చీలేసుకుని కూర్చున్నాం, గొడవ పడలేదు, నంబర్ రాసుకుని ఫోటో తీశాం అంతే. మూడు నంబర్లు దొరికాయి, మూడూ మా మెయిన్ రోడ్డు షాపులకి తిరిగే బండ్లే. ఆ షాపు ఓనర్లతోనే మాట్లాడాం, బోండాలు ఎక్కడికి పోతున్నాయో వాళ్లూ ఎప్పుడూ అడగలేదట.

మేడమీద_తులసి:
ఇవాళ అర్జీ ఇచ్చి స్టాంపు వేయించుకున్నానండి, బండి ఏడింటికల్లా రోజూ రావాలని అందులోనే రాశా. మా వాచ్‌మన్ కొడుకు రాత్రి ఒక ట్రాలీ నంబర్ రాసిచ్చాడు. శనివారం మా బ్లాక్ మీటింగ్ పెట్టాం, ఎనిమిది ఇళ్లవాళ్లు వంతులకి వస్తామన్నారు, మొదటి రాత్రి నాది, పైఫ్లోర్ పెద్దమ్మగారిది. ఈసీకి సర్వే నంబర్ కావాలన్నారు కదా సర్, ప్లాట్ మీద రాయి ఏమీ లేదు, పక్క ప్లాట్ వాళ్ల డాక్యుమెంట్‌లో హద్దుల దగ్గర చూస్తే దొరుకుతుందా?

నాలుగో_లైన్_సెక్రెటరీ:
దొరుకుతుంది మేడమ్, హద్దుల్లో ప్లాట్ నంబర్ ఉంటుంది, దాంతో మీ కాలనీ లేఅవుట్ కాపీ చూడండి. దొరక్కపోతే ఇక్కడే రాయండి.