'కామిక్ ఎపిక్ పొయెమ్ ఇన్ ప్రోజ్'ని తెలుగులో ఏమందాం?

నాలుగు రోజులుగా ఒక్క మాట దగ్గర ఆగిపోయానండీ. ఇంగ్లీషు రచయిత హెన్రీ ఫీల్డింగ్ 1742లో వేసిన జోసెఫ్ ఆండ్రూస్ అనే నవల ముందుమాటను సరదాగా తెలుగు చేద్దామని కూర్చున్నాను. అందులో ఆయన తాను రాసింది 'కామిక్ ఎపిక్ పొయెమ్ ఇన్ ప్రోజ్' అంటాడు. 'వచనంలో హాస్య మహాకావ్యం' అని రాసి ఇంట్లో చదివి వినిపిస్తే, "హాస్యమో మహాకావ్యమో ఏదో ఒకటి తేల్చుకో" అన్నారు. నిజానికి ఆ మాటతో ఫీల్డింగ్ పడిన అవస్థ కూడా అదే అనుకోండి.

ఇంత పొడుగు మాట ఎందుకు, నావెల్ అంటే పోయేది కదా అనిపిస్తుంది. అప్పటికి ఇంగ్లీషులో ఆ మాట ఉంది కానీ దాని హోదా వేరు. 1755లో వచ్చిన జాన్సన్ నిఘంటువులో కూడా దానికి అర్థం చిన్న కథ, ఎక్కువగా ప్రేమ గురించి, అనే ఉంది. అప్పటికి ఫీల్డింగ్ ఇంకో నవల టామ్ జోన్స్ వచ్చి ఆరేళ్లు, అదేమో 18 భాగాల పుస్తకం! దానికి ఫీల్డింగ్ పెట్టుకున్న పేరు 'హిస్టరీ', అంటే చరిత్ర. ఈటన్‌లో గ్రీకు, లాటిన్ చదువుకున్న మనిషి కాబట్టి జోసెఫ్ ఆండ్రూస్ ముందుమాటలో ఏకంగా గ్రీకు మహాకవి హోమర్ దాకా వెళ్లాడు. హోమర్ హాస్య ఇతిహాసం కూడా రాశాడట, అది పూర్తిగా పోయిందట. కథ, పాత్రలు, భావాలు అన్నీ ఉండి ఛందస్సు ఒక్కటే లేకపోతే దాన్ని ఎపిక్ అనడానికి అభ్యంతరమేమిటని ఆయన వాదన. పోయిన పుస్తకాన్ని సాక్షిగా పిలవడం ప్లీడరు తెలివే. ఆయన నిజంగానే ప్లీడరు: 1737లో నాటకాలకు ప్రభుత్వ అనుమతి ఉండాలన్న చట్టం వచ్చి, అప్పటి ప్రధాని వాల్‌పోల్ ప్రభుత్వాన్ని వెక్కిరిస్తూ నాటకాలు రాసే ఈయన పొట్ట కొట్టింది. దాంతో న్యాయశాస్త్రం చదివి 1740లో బారిస్టరయ్యాడు. ఆ చట్టమే లేకపోతే ఈ నవలలు వచ్చేవి కావేమో.

మీరైతే ఏమంటారు?

వ్యాఖ్య: మాస్టారూ, ఇది వీరేశలింగం గారి 'వచన ప్రబంధము' కాదూ? తన నవల రాజశేఖర చరిత్రను ఆయన అలాగే పిలిచారు.

జవాబు: సరిగ్గా అక్కడికే వద్దామనుకున్నానండీ! 1878లో ఆయన పత్రిక వివేకవర్ధనిలో వచ్చిన రాజశేఖర చరిత్రకు గోల్డ్‌స్మిత్ 1766 నాటి ఇంగ్లీషు నవల వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్ ప్రేరణ అని మనందరికీ తెలిసిందే. ఇక్కడ ఫీల్డింగ్ ప్రభావం ఉందని నేననను. ఇద్దరికీ వచ్చిన ఇబ్బంది మాత్రం ఒకటే. కొత్త సరుకు చేతిలో ఉంది, దానికి పేరు లేదు, అందుకని ఊళ్లో పరువున్న పాతదాని పేరు తీసుకుని ముందు 'వచన' తగిలించారు. అంతకుముందు నరహరి గోపాలకృష్ణమ శెట్టి గారు శ్రీరంగరాజ చరిత్రను 'నవీన ప్రబంధం' అన్నది కూడా ఇలాంటిదే. 'నవల' అన్న మాట మాత్రం రచయితలు పెట్టింది కాదు, కాశీభట్ట బ్రహ్మయ్య శాస్త్రి గారు రాజశేఖర చరిత్ర మీద విమర్శ రాస్తూ వాడింది.

వ్యాఖ్య: కానీ నవల అంటే పాత తెలుగులో స్త్రీ అని కదండీ అర్థం? నవలామణి అంటాం.

జవాబు: అవునండీ. ఆ పాత అర్థాన్ని ఈ కొత్త అర్థం పూర్తిగా మింగేసింది, నవలామణి అనే సమాసంలో మాత్రం అది బతికుంది. శాస్త్రి గారు వాడిన 'నవల' అన్న మాట ఇంగ్లీషు నావెల్‌కు దగ్గరగా పలుకుతుంది, 'నవ' ఉంది కాబట్టి సంస్కృతంగానూ చెల్లిపోతుంది. హిందీ, బెంగాలీ వాళ్లకు ఉపన్యాసం అంటే నవల, మనకేమో మైకు ముందు దంచేది. కన్నడం, మరాఠీ వాళ్లు బాణుడి సంస్కృత గద్యకావ్యం పేరే తీసుకుని కాదంబరి అన్నారు.

ఆ కాదంబరి గుర్తొస్తేనే నాకో సందేహం తీరింది. 'ఎపిక్ పొయెమ్ ఇన్ ప్రోజ్' అన్నప్పుడు ఇంగ్లీషువాడికి ఇదేమిటి అనిపిస్తుంది, మన అలంకారశాస్త్రానికి అనిపించదు. కావ్యం గద్యం కావచ్చు, పద్యం కావచ్చు అని ఆలంకారికుడు వామనుడు ఎప్పుడో చెప్పేశాడు. అంటే 'వచన కావ్యం' అని తెలుగు చేస్తే ఫీల్డింగ్ చేసిన గడుసు పని కాస్తా మామూలు మాటైపోతుంది. ప్రబంధం అంటే మాత్రం తెలుగు పాఠకుడు పద్యాలు ఎదురుచూస్తాడు, అందుకే 'వచన ప్రబంధం'లో ఆ పేచీ నిలుస్తుంది. నా ఓటు ప్రస్తుతానికి 'హాస్య వచన ప్రబంధం'కే. వర్ణనలు, శృంగారం ఏవీ అని ఎవరైనా అడిగితే, శృంగారం ఉంది, కథానాయకుడు జోసెఫే దాన్నుంచి పారిపోతుంటాడు అని చెప్తాను.

వ్యాఖ్య: రిచర్డ్‌సన్ నవల పమేలాను వెక్కిరించింది కూడా ఈయనేనా? ఆ పేరు తెలుగులోకి వస్తుందా?

జవాబు: ఈయనేనండీ, 1741లో. పేరు లేకుండా వచ్చింది కానీ అది ఈయన రచనేనని సాహిత్య పరిశోధకులు చెప్తారు. పేరు షామెలా, షామ్ అంటే బూటకం. యజమాని ఆగడాలను తట్టుకుని చివరికి అతన్నే పెళ్లాడే పనిమనిషి కథ పమేలా, షామెలాలో అదంతా నాటకమే. జోసెఫ్ కూడా ఆ పమేలాకు తమ్ముడే, అతని వెంటపడేది యజమానురాలు. షామెలాకు తెలుగులో ఎంత ప్రయత్నించినా శ్లేష కుదరలేదు, వదిలేశాను. తమాషా ఏమిటంటే ఇంత వెక్కిరించిన మనిషి మొదటి భార్య పోయాక 1747లో ఇంట్లో పనిచేసే మేరీనే పెళ్లి చేసుకున్నాడు, ఊరు నవ్వినా.

ఇంకో చిక్కు. టామ్ జోన్స్ మొదటి అధ్యాయంలో, రచయిత అంటే ఊరికే భోజనం పెట్టే పెద్దమనిషి కాదు, డబ్బిచ్చినవాళ్లందరికీ వడ్డించే హోటలువాడు, అందుకని ఏం వండాడో ముందే చెప్పాలి అంటాడు. వంటకం ఒక్కటే, మనిషి స్వభావం. ఇంగ్లీషులో 'ఆర్డినరీ' అని ఉన్నచోట పూటకూళ్ల ఇల్లు అని రాశాను, అచ్చంగా అతికింది. 'బిల్ ఆఫ్ ఫేర్' దగ్గర మెనూ అని రాస్తే ఆ పక్కన తేలిపోతోంది, వంటకాల పట్టీ అంటే పెళ్లి సరుకుల చీటీలా ఉంది. పూటకూళ్లమ్మ గోడ మీద రాసిపెడితే దాన్నేమంటారండీ?