వెంచర్ భూమిలో రాకాసి గుళ్ళు: ఎవరిని పిలవాలి?

గొలుసుకొలత:
నేను లైసెన్సు సర్వేయరును. ఉమ్మడి నల్లగొండ జిల్లాలో 11 ఎకరాల వెంచర్‌కు కొలతలు వేస్తున్నాను. ఈశాన్యం మూల మిట్ట మీద సర్కారు తుమ్మ కొట్టించగానే గుండ్రంగా పాతిన బండరాళ్ళు బయటపడ్డాయి. మొత్తం 7 వలయాలు. అన్నిటికన్నా పెద్దది టేపు పట్టి చూస్తే అడ్డంగా 9 మీటర్లు, నడుమ చిన్న దిబ్బ. ఊళ్ళో వీటిని రాకాసి గుళ్ళు అంటారు. అక్కడ చెప్పులతో నడవకూడదని గొర్రెల కాపరి ఒకాయన నన్ను మందలించాడు. తాను మాత్రం అదే బండ మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు.

సోమవారం జేసీబీ వస్తోంది. రాళ్ళు ప్రహరీ పునాదికి పనికొస్తాయని యజమాని లెక్క. పైగా ఈశాన్యం ఎత్తుగా ఉంటే వాస్తు దోషమట, మిట్ట చదును కావలసిందేనంటాడు. నాలా మార్పిడి (సాగు భూమిని ఇళ్ళ స్థలంగా మార్చే అనుమతి) ఎప్పుడో అయిపోయింది, ఆ కాగితాల్లో రాళ్ళ ఊసే లేదు. జేసీబీ డ్రైవరు ఫోనులో అడిగిన మొదటి మాట, "బంగారం ఉంటుందా సార్?"

అమెరికాలో కట్టడం మొదలుపెట్టే ముందే పురావస్తు నిపుణులకు డబ్బిచ్చి చూపించుకుంటారని విన్నాను. మన దగ్గర అలాంటివారు ఉన్నారా? చట్టం ఏమంటుంది? నా పని పోకుండా దారి చెప్పండి.

పెంకుల తాత:
బాబూ, నేను పురావస్తు తవ్వకాల్లో నక్షాలు గీసి రిటైరైనవాణ్ణి. అవి ఇనుప యుగపు సమాధులు కావచ్చు. కంటితో చూడకుండా ముద్ర వేయను. తుమ్మ మొదళ్ళు పెకలించిన చోట కుండపెంకులు ఉన్నాయేమో చూడండి. లోపలి వైపూ అంచూ నలుపు, బయట కింది భాగం ఎరుపు ఉంటే నా అనుమానం బలపడుతుంది. ఫొటో తీయండి, జేబులో వేసుకోకండి.

బంగారం సంగతి ఆ డ్రైవరుకు చెప్పండి: నేను కూర్చున్న గోతుల్లో ఎముకలు, కుండలు, తుప్పు తిన్న ఇనుప కత్తులు తప్ప మరేమీ చూడలేదు.

చట్టానికి వస్తే, ప్రాచీన కట్టడాలను కాపాడే 1958 నాటి కేంద్ర చట్టాన్ని 2010లో సవరించి, రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషేధిత ప్రాంతమన్నారు, ఆపైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. అదంతా జాబితాకెక్కిన వాటికే. మీ మిట్ట ఏ జాబితాలోనూ లేకపోతే ఆ రక్షణ దానికి అందదు. ఏళ్ళ తరబడి నేను తిట్టుకున్న చిల్లు ఇదే. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం మాత్రం పట్టా భూమి కదా అని ఊరుకోదు. మట్టిలో దాగిన వస్తువు దొరికి, దాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు రాతపూర్వకంగా చెప్పాలి. దాచిపెడితే ఏడాది దాకా జైలు.

ప్రైవేటు నిపుణులు వచ్చి కొలతలు తీసి నివేదిక రాయగలరు. "ఒక గుంత తీసి చూద్దాం" అంటే మాత్రం ఒప్పుకోకండి, పురావస్తు తవ్వకానికి కేంద్రం అనుమతి కావాలి.

మీరు వెతికే దారి మీ నక్షాలోనే ఉంది. పార్కుకు ఎలాగూ స్థలం వదలాలి కదా, దాన్ని తీసుకెళ్ళి మిట్ట మీద పెట్టండి. అక్కడ బోరు వద్దు, చెట్ల గుంతలు వద్దు, గడ్డి చాలు. వలయం అంచు దగ్గరే గీత గీయకుండా చుట్టూ ఐదారు మీటర్లు వదలండి.

"తీసి వేరేచోట పెడదాం" అంటారేమో. శ్రీశైలం నీళ్ళు వస్తాయని కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయికీ అంకె వేసి విప్పి, ఆలంపురంలో తిరిగి కట్టారు. సాగర్‌లో మునిగే ముందు నాగార్జునకొండ లోయను 1954 నుంచి 1960 దాకా తవ్వి, కొన్ని కట్టడాలను కొండ మీదికీ కొన్నిటిని అనుపుకూ చేర్చారు. దాని వెనుక ఆరేళ్ళ పని ఉంది. మీ యజమాని ఇచ్చింది సోమవారం దాకా. ఏ ఎముక ఏ కుండ పక్కన ఉందో జేసీబీ బొక్కెన రాసిపెట్టదు.

డాలస్ వాసి:
అమెరికా గురించి కాస్త సవరణ. ఇక్కడి 1966 నాటి జాతీయ చారిత్రక పరిరక్షణ చట్టంలోని 106వ సెక్షను ఫెడరల్ ప్రభుత్వ డబ్బో అనుమతో ఉన్న పనులకే వర్తిస్తుంది. సొంత డబ్బుతో సొంత భూమిలో కట్టుకునేవారిని ఇక్కడా చాలాచోట్ల ఎవరూ అడగరు. నేను పనిచేసిన పైపులైను ఒక వాగు దాటాలి, దానికి సైన్యపు ఇంజినీర్ల విభాగం అనుమతి కావాలి, అందుకని నిపుణులను పెట్టుకున్నాం. ముప్పై మీటర్లకొక చిన్న గుంత తీసి, ఆ మట్టిని పావంగుళం జల్లెడలో పోశారు. చెకుముకిరాతి పెచ్చులు దొరికాయి. పైపును 40 మీటర్లు జరిపాం. మూడు వారాలు పోయాయని అప్పుడు విసుక్కున్నాను. తాతగారు చెప్పినట్టు మేమూ చివరికి చేసింది నక్షాలో గీత జరపడమే.

గజం ధర:
నేను ప్లాట్లు అమ్మేవాణ్ణి. ఎవరూ చెప్పని మాట ఒకటి చెబుతాను. "సమాధులు" అన్న మాట బ్రోచర్‌లో పడితే ఆ వరుసలో ఒక్క ప్లాటూ కదలదు. యజమానికి భయం వాస్తు వల్ల కాదు, దీని వల్ల. మూడువేల ఏళ్ళ నాటి రాళ్ళున్న పార్కు అని చెప్పి చూడండి. ముందు ఆ ఏళ్ళ లెక్క ఎవరైనా తెలిసినవారితో కాగితం మీద రాయించుకోండి.

గొలుసుకొలత:
అందరికీ కృతజ్ఞతలు. పెంకు దొరికింది తాతగారూ, మీరు చెప్పినట్టే లోపల నలుపు, బయట ఎరుపు. ఫొటో తీసి అక్కడే వదిలేశాను. వలయాల స్థానాలు గుర్తించి తహసీల్దారుకూ, పురావస్తు శాఖకూ ఉత్తరాలు ఇచ్చాను, రసీదు ఉంది. పాత నక్షాలో పార్కు నైరుతి పల్లంలో ఉంది, వానాకాలం అక్కడ నీళ్ళు నిలుస్తాయి. దాన్ని ఈశాన్యానికి మార్చి గీసి చూపించాను. యజమాని వాస్తు ఆయనకు ఫోను చేస్తే, ఈశాన్యంలో ఇళ్ళు లేకపోతే సర్దుకోవచ్చన్నాడట. జేసీబీ వారం వాయిదా పడింది.

ఆరు వలయాలు పార్కులోకి వచ్చాయి. ఏడోది సగం 40 అడుగుల రోడ్డులో పడుతోంది. రోడ్డు వంచితే రెండు ప్లాట్లు పోతాయి. వాటి సంగతి రేపు మాట్లాడదామన్నాడు యజమాని.