ప్రతి శనివారం ఇంటికి వెళ్ళిపోతున్నాను, మానేయాలా?

సిద్దిపేట_అమ్మాయి (ప్రశ్న):

అందరికీ నమస్తే. నేను హైదరాబాద్‌లో ఒక క్యాంపస్ కాలేజీలో బీటెక్ ఫస్ట్ ఇయర్, హాస్టల్‌లో ఉంటున్నాను. మాది సిద్దిపేట దగ్గర పల్లె. పది దాకా ఊళ్ళోనే తెలుగు మీడియం, ఇంటర్ సిద్దిపేటలో, రోజూ బస్సులో పోయి వచ్చేదాన్ని. ఇల్లు వదిలి ఉండటం ఇదే మొదటిసారి.

శనివారం ల్యాబ్ అయిపోగానే బ్యాగ్ సర్దుకుని జేబీఎస్ బస్టాండ్‌కు వెళ్ళి సిద్దిపేట ఎక్స్‌ప్రెస్ ఎక్కేస్తున్నాను. మహాలక్ష్మి పథకం వచ్చినప్పటి నుంచి ఆడవాళ్ళకు బస్సు టికెట్ డబ్బులు లేవు కదా, ఆధార్ చూపిస్తే జీరో టికెట్ ఇస్తారు, అందుకని ఖర్చు గురించి ఆలోచించి ఆగే పని కూడా లేదు. దసరాకు ముందు ఇంత లేదు. బతుకమ్మకు వెళ్ళి సెలవులన్నీ ఇంట్లో ఉండి వచ్చాక ఎక్కువైంది. ఆదివారం సాయంత్రం బస్సుల్లో కాలు పెట్టే చోటు ఉండదు, అందుకని సోమవారం తెల్లవారుజామున బయలుదేరుతున్నాను, ఎంత తొందరగా లేచినా కూకట్‌పల్లి వైపు ట్రాఫిక్ దాటి వచ్చేసరికి మొదటి గంట అయిపోతోంది, ఒక్కోసారి రెండోది కూడా.

రూమ్‌మేట్స్ ఇద్దరూ మంచివాళ్ళే. ఒకమ్మాయిది ఖమ్మం, ఇంకో అమ్మాయిది ఇక్కడే సిటీ. కానీ సోమవారం వచ్చి చూస్తే వాళ్ళిద్దరూ ఏదో మాట అనుకుని నవ్వుతుంటారు, అది శనివారం రాత్రి జరిగినదాని గురించి అయి ఉంటుంది, నాకు తెలియదు. వాళ్ళు చెప్తారు, అయినా నేను అక్కడ లేను కదా. క్లాసులో కూడా అంతే. సార్ సి ప్రోగ్రామింగ్ ఇంగ్లీష్‌లో గబగబా చెప్పుకుంటూ పోతారు, అందరూ తల ఊపుతారు, నేనూ ఊపుతాను. అడగాలంటే భయం. మెస్‌లో ఒక్కదాన్నే కూర్చోవడం ఇష్టంలేక రెండు మూడుసార్లు తినకుండా పడుకున్నాను.

బాపు "రావాలనిపిస్తే రా బిడ్డా" అంటాడు. అన్న మాత్రం "ఇట్ల వారం వారం వస్తే ఎప్పటికీ అలవాటు కాదు, నెల రోజులు రాకు" అంటున్నాడు. ఇప్పుడు వరి కోతలు, ఐకేపీ వడ్ల కొనుగోలు సెంటర్ దగ్గర వడ్లు ఆరబోసి ఉన్నాయి, అమ్మ ఒక్కతే చేసుకుంటోంది, నేను వెళ్తే ఆమెకు కొంచెం ఆసరా. వెళ్ళడం తప్పా? నిజంగా నెల రోజులు ఆపితే అలవాటవుతుందా? హాస్టల్‌లోనే ఉండిపోయినవాళ్ళు ఆదివారాలు ఏం చేసేవారు? దయచేసి నిజంగా అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

ఫైనల్_ఇయర్_అక్క:

చెల్లె, ముందు ఒక మాట. తినకుండా పడుకోవడం మాత్రం ఈ రోజుతో ఆపెయ్. మెస్‌లో ఒక్కదానివే కూర్చుంటే ఎవరూ ఏమీ అనుకోరు, పొద్దున ఎనిమిది గంటలకు ఉప్మా ప్లేట్ పట్టుకుని ఎవరి తొందరలో వాళ్ళుంటారు. ఇంటి నుంచి మామిడికాయ పచ్చడి సీసా ఒకటి తెచ్చుకుని మెస్‌కు పట్టుకెళ్ళు, మా హాస్టల్‌లో పచ్చడి సీసా ఉన్న టేబుల్ దగ్గరికి నలుగురు వాళ్ళంతట వాళ్ళే వచ్చి కూర్చునేవారు. నాకు మొదటి స్నేహాలు అలానే కుదిరాయి.

ఇక నీ ప్రశ్న. నెల రోజులు పూర్తిగా బంద్ చెయ్యమని నేను చెప్పను. వారం విడిచి వారం వెళ్ళు. ఎందుకంటే హాస్టల్‌లో అసలు పరిచయాలయ్యేది శనివారం రాత్రి నుంచి ఆదివారం సాయంత్రం దాకా. మిగతా రోజులు క్లాసు, ల్యాబ్, అబ్జర్వేషన్ బుక్, స్నానాల గదుల దగ్గర క్యూ, ఇంతే, ఎవరికీ తీరిక ఉండదు. ఆదివారం పొద్దున ఆలస్యంగా లేచి, అందరం బకెట్లు పట్టుకుని బట్టలు ఉతుక్కుంటూ, దండెం మీద చోటు కోసం కొట్లాడుకుంటూ, మధ్యాహ్నం చికెన్ తిని, తర్వాత ఎవరో ఒకరి గదిలో చేరి రికార్డులు రాసుకునేవాళ్ళం. రికార్డ్ రాస్తూనే "ఈ ప్రోగ్రామ్‌లో ఫర్ లూప్ లోపల ఇంకో ఫర్ లూప్ ఎందుకే?" అని ఒకరు అడిగితే ఇంకొకరు నేల మీద చాక్‌పీస్‌తో గీసి చెప్పేవారు. మాట్రిక్స్ మల్టిప్లికేషన్ ప్రోగ్రామ్ నాకు క్లాసులో అర్థం కాలేదు, ఆ గది నేల మీద అర్థమైంది. నువ్వు ప్రతి వారం పోగొట్టుకుంటున్నది ఇదే, వాళ్ళ జోకులు కావు.

ఉండిపోయే మొదటి ఆదివారం కష్టంగానే ఉంటుంది, అది దాచను. సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా మరీ ఎక్కువ. ఆ టైమ్‌కు గదిలో ఉండకు, క్యాంపస్‌లో నడువు, ఖమ్మం అమ్మాయిని రమ్మను. ఆమె ఇల్లు నీ ఇంటికన్నా దూరం, ఆమెకు కూడా అదే టైమ్‌కు అలానే ఉంటుంది, అడిగి చూడు.

ఆదిలాబాద్_అన్న:

పై అక్క చెప్పినదాంట్లో చాలావరకు ఒప్పుకుంటాను, ఒక్కటి తప్ప. ఇంటికి వెళ్ళడాన్ని అందరూ ఒక రోగంలా చూస్తున్నారు, అది నాకు నచ్చదు. మాది ఆదిలాబాద్ జిల్లాలో లోపల ఊరు, ఫస్ట్ ఇయర్‌లో నేను హైదరాబాద్ నుంచి వెళ్ళాలంటే రాత్రంతా ప్రయాణం, మళ్ళీ అక్కడి నుంచి ఆటో, మగపిల్లలకు ఫ్రీ బస్సు కూడా లేదు, అందుకని సంక్రాంతి దాకా పోలేదు. దానివల్ల నేనేదో గట్టివాడినయ్యానని ఎవరైనా అంటే ఒప్పుకోను. వెళ్ళే వీలుంటే నేనూ వెళ్ళేవాడిని. మీ అమ్మగారు ఒక్కరే వడ్లు ఎత్తుకుంటున్నప్పుడు కూతురు వెళ్ళి ఒక చేయి వెయ్యడం తప్పెలా అవుతుంది? కోతల కాలమంతా వెళ్ళు. వడ్లు తూకం అయిపోయాక అప్పుడు తగ్గించుకో.

కానీ సోమవారం సంగతి వేరు, అది మాత్రం వెంటనే మార్చుకోవాలి. వారానికి ఆరు రోజుల క్లాసులు ఉన్నచోట ఒక్క సోమవారాలు పోగొట్టుకుంటేనే హాజరు 83 శాతానికి పడిపోతుంది. నీకు ఇప్పుడు పోతున్నది ఒకటి రెండు గంటలే అయినా, చలికాలంలో ఆ తెల్లవారుజాము బస్సు ఒకసారి మిస్ అవుతుంది, ఒకసారి "ఇక సగం రోజు పోయింది కదా" అని మొత్తం మానేస్తావు. మా క్లాసులో ఇద్దరు అలానే జారిపోయారు. పైన ఒక వారం జ్వరం వచ్చిందనుకో, 75 దగ్గరికి వచ్చేస్తుంది. ఆదివారం సాయంత్రం బస్సులు నిండుతాయి నిజమే, అయితే మధ్యాహ్నం భోజనం చేసి ఒంటిగంటకల్లా సిద్దిపేట బస్టాండ్‌లో ఉండు, అప్పుడు సీటు దొరికే అవకాశం ఉంటుంది. ఇంట్లో ఆదివారం సాయంత్రం, రాత్రి ఉండటం పోతుంది. నిద్ర సరిపోతుంది, మొదటి గంట దక్కుతుంది.

ఇంకోటి, సీనియర్లు ఎవరైనా ఇంట్రో పేరుతో రాత్రిపూట గదులకు పిలవడం, ఇబ్బంది పెట్టడం లాంటివి ఉన్నాయా? నువ్వు రాయలేదు కానీ శనివారం కాగానే పారిపోవాలనిపించడానికి కొందరికి అసలు కారణం అదే అవుతుంది. అలాంటిది ఏమన్నా ఉంటే ఒక్కదానివే భరించకు. యాంటీ ర్యాగింగ్ హెల్ప్‌లైన్ 1800-180-5522, ఏ టైమ్‌లోనైనా చెయ్యొచ్చు.

బోర్డు_ముందు_మేడమ్:

నేను ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ఫస్ట్ ఇయర్ వాళ్ళకు పాఠం చెప్తాను, అమ్మా. హాజరు గురించి పైన తమ్ముడు చెప్పినదానికి కొంచెం కలుపుతాను. జేఎన్‌టీయూ హైదరాబాద్ యూనివర్సిటీ 2022లో తెచ్చిన ఆర్22 రెగ్యులేషన్‌లో (నియమాల్లో) సెమిస్టర్‌కు అన్ని సబ్జెక్టులూ కలిపి 75 శాతం ఉండాలి. 65 నుంచి 75 మధ్య ఉంటే సరైన కారణం చూపించి, ఫీజు కట్టి కండోనేషన్ (హాజరు లోటుకు మినహాయింపు) అడగొచ్చు, 65 కన్నా తగ్గితే డిటెయిన్ చేస్తారు, ఆ సెమిస్టర్ మళ్ళీ చదవాలి. మీ కాలేజీకి ఏ రెగ్యులేషనో డిపార్ట్‌మెంట్ ఆఫీసులో అడిగి తెలుసుకో. స్కాలర్‌షిప్, ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంటే దానికి కూడా హాజరు చూస్తారు, అది మరచిపోవద్దు.

నీ ఉత్తరంలో నన్ను ఆపినది "అందరూ తల ఊపుతారు, నేనూ ఊపుతాను" అన్న మాట. నీ అసలు బాధలో సగం అక్కడే ఉందని నాకు అనిపిస్తోంది. క్లాసు అర్థమవుతూ ఉంటే హాస్టల్ ఇంత పరాయిగా అనిపించదు. ఊపే తలల్లో సగం మందికి అర్థం కాదమ్మా, బోర్డు ముందు నిలబడి చూసే మాకు కళ్ళలో తెలుస్తుంది. క్లాసులో చేయి ఎత్తడం భయమైతే ఎత్తకు. గంట అయ్యాక సార్ బయటికి వెళ్ళేటప్పుడు, నోట్సులో అర్థం కాని ఒక్క లైను కింద గీత గీసి చూపించి తెలుగులోనే అడుగు. "సార్, ఈ లైన్ తర్వాత 'i' విలువ ఎంతవుతుంది?" ఇలా ఒక్క ప్రశ్న. "సార్, ఏమీ అర్థం కాలేదు" అంటే ఎవరికైనా ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు, ఒక్క లైను చూపిస్తే రెండు నిమిషాల్లో చెప్పేస్తారు. ఏఐసీటీఈ వాళ్ళ ఈ-కుంభ్ పోర్టల్‌లో ఇంజినీరింగ్ మొదటి సంవత్సరం పుస్తకాలు తెలుగులో ఉచితంగా ఉన్నాయి, డౌన్‌లోడ్ చేసుకో. పరీక్ష ఇంగ్లీష్‌లోనే రాసినా, ముందు విషయం తెలుగులో తలకెక్కించుకుంటే ఆ తర్వాత ఇంగ్లీష్ వాక్యం చదవడం తేలిక.

ఆర్22లో ఇంటర్నల్స్‌కు 40 మార్కులు, ఎక్స్‌టర్నల్‌కు 60. ఇంటర్నల్స్‌లో రెండు మిడ్ పరీక్షల సగటు తీసుకుంటారు, కాబట్టి మొదటి మిడ్ సరిగ్గా రాయకపోయినా రెండోది పైకి లాగుతుంది. భయపడి వదిలెయ్యకు.

తిండి మానెయ్యడం, నిద్ర పట్టకపోవడం, ఊరికే ఏడుపు రావడం ఇవి వారాల తరబడి పోకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చెయ్యి, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. అక్కడికి ఫోన్ చెయ్యడానికి పెద్ద కష్టమే ఉండాలని ఏమీ లేదు.

ఇద్దరు_పిల్లల_తల్లి:

నేను కాలేజీ చదవలేదు, మా పెద్దమ్మాయి హాస్టల్‌లో ఉంటుంది కాబట్టి తల్లి వైపు నుంచి రాస్తున్నాను. అమ్మాయి వస్తుందంటే శనివారం పొద్దుటి నుంచే ఇల్లంతా వేరుగా ఉంటుంది, సర్వపిండి చేస్తాను, ఆమె బట్టలు ఉతికి పెడతాను, వచ్చి పడుకుంటే చూస్తూ కూర్చుంటాను. రావద్దని నా నోటితో ఎప్పటికీ అనలేను, మీ బాపు కూడా అందుకే "రావాలనిపిస్తే రా" అన్నాడు బిడ్డా, ఆయన మాటను బట్టి నువ్వు నిర్ణయం చేసుకోకు. మా అమ్మాయి ఒక వారం రాలేదు. ఎందుకు రాలేదే అంటే "అమ్మా, మా ఫ్రెండ్‌ పుట్టినరోజు, మేమే రూమ్‌లో కేక్ కోస్తున్నాం" అంది. ఆ రోజు నాకు అన్నం సయించలేదు, అయినా మనసులో సంతోషమే అయింది, దానికంటూ అక్కడ నలుగురు మనుషులు దొరికారని.

మీ అమ్మకు వడ్ల పని ఉన్నన్ని రోజులు వెళ్ళు. తర్వాత నువ్వు రాని వారం ఫోన్ చేసి ఐదు నిమిషాలు కాకుండా అరగంట మాట్లాడు, ఏం తిన్నావో, ఎవరితో తిన్నావో చెప్పు. మాకు అది చాలు.

సిద్దిపేట_అమ్మాయి:

అందరికీ చాలా థాంక్స్, పెద్దమ్మా మీది చదివి ఏడ్చేశాను. అన్నా, ర్యాగింగ్ లాంటిది ఏమీ లేదు, మా ఫ్లోర్‌లో సీనియర్ అక్కలు మంచిగానే ఉంటారు, నేనే వాళ్ళతో మాట్లాడలేదు. మేడమ్, నిన్న సి క్లాస్ అయ్యాక మీరు చెప్పినట్టే ఒక లైన్ చూపించి సార్‌ను అడిగాను. స్విచ్ కేస్‌లో బ్రేక్ రాయకపోతే ఏమవుతుందని. సార్ నడుస్తున్నవారు ఆగి, నా పుస్తకంలోనే రాసి చెప్పారు, తెలుగులోనే చెప్పారు. నా వెనక ఇంకో ఇద్దరు నిలబడి విన్నారు.

వడ్లు ఇంకా తూకం కాలేదు, ఈ శనివారం వెళ్తాను, కానీ ఆదివారం మధ్యాహ్నం బస్సుకే వచ్చేస్తాను. పై వారం ఉండిపోతానని ఖమ్మం అమ్మాయికి చెప్పాను, తను కూడా ఆదివారం సాయంత్రాలు బాత్రూమ్‌లో ఏడ్చి వస్తుందట, నాకు ఇన్ని రోజులు తెలియదు.

ఇంకో చిన్న డౌట్ అక్కా. నేను వెళ్ళిన రోజులకు కూడా మెస్ బిల్లు పడుతోంది. మాది డివైడింగ్ మెస్. శని, ఆదివారాలు తగ్గించరా?

ఫైనల్_ఇయర్_అక్క:

ప్రతి హాస్టల్‌కు ఒక రూల్ ఉంటుంది చెల్లె. మా దాంట్లో ఒకటి రెండు రోజులకు తగ్గించరు, వరుసగా కొన్ని రోజులు ఉండనని ముందే రాసిస్తేనే మెస్ కట్ ఇస్తారు. డివైడింగ్ అంటే నెల మొత్తం ఖర్చును అందరి హాజరు రోజులతో పంచుతారు కాబట్టి, రిజిస్టర్‌లో నీ పేరు ఎదురుగా ఏం పడుతోందో నెలాఖరు కాకముందే ఒకసారి చూసుకో, బిల్లు వేశాక మార్చడం కష్టం. మెస్ రిప్రజెంటేటివ్ మీ ఫ్లోర్‌లోనే ఎవరో ఒక సీనియర్ అయి ఉంటుంది, వెళ్ళి అడుగు. పచ్చడి సీసా మరచిపోకు, కొంచెం పెద్దదే తీసుకురా.